భూకంపం ఎంత పెద్దదో ఎలా తేలుస్తారు? మాగ్నిట్యూడ్ లెక్కకు సమగ్ర మార్గదర్శి

2024 డిసెంబర్ 4, ఉదయం 7.27. ములుగు జిల్లాలో మాగ్నిట్యూడ్ 5.3 భూకంపం వచ్చింది. రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హైదరాబాద్‌లో కూడా అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు ఆ ఊపును గుర్తుపట్టారు. ఇలాంటి రోజున చాలామందికి 2001 నాటి గుజరాత్ భుజ్ భూకంపం గుర్తుకొస్తుంది. అక్కడ 7.7, ఇక్కడ 5.3. అంకెలు చూస్తే తేడా రెండున్నర కూడా లేదు. విడుదలైన శక్తి చూస్తే మాత్రం భుజ్ దాదాపు నాలుగు వేల రెట్లు పెద్దది.

ఈ నాలుగు వేలు ఎలా వచ్చాయో, దానికి ముందు ఆ 5.3, 7.7 అనే అంకెలు ఎలా వచ్చాయో ఒక్కో మెట్టుగా చూద్దాం. పెద్ద చదువులేం అక్కర్లేదు. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉంటే చాలు. చాలా ఫోన్లలో కాలిక్యులేటర్ తెరిచి ఫోన్‌ను అడ్డంగా తిప్పితే లాగ్ బటన్ కనిపిస్తుంది.

మొదటి మెట్టు: రెండు కొలతలను విడదీయండి

ఒక భూకంపానికి మాగ్నిట్యూడ్ ఒక్కటే ఉంటుంది. భూమి లోపల ఎంత పెద్ద పని జరిగిందో అది చెబుతుంది. ములుగులో కొలిచినా, జపాన్‌లో కొలిచినా దాదాపు అదే అంకె రావాలి. రాకపోతే లెక్కలో ఏదో లోపం ఉన్నట్టే.

ఇంటెన్సిటీ అలా కాదు. మీరు నిలబడ్డ చోట భూమి ఎంత ఊగింది, ఇళ్లకు ఏమైంది అన్నది దాని లెక్క. ఒకే భూకంపానికి ములుగులో ఒక ఇంటెన్సిటీ, వరంగల్‌లో ఇంకొకటి, ఉప్పల్‌లో మరొకటి ఉంటుంది. టీవీ స్క్రోలింగ్‌లో రెండింటినీ 'తీవ్రత' అనే రాస్తుంటారు. అందుకే ఒక అంకె కనబడగానే ఇది ఏ కొలత అని మనమే అడగాలి. చుక్క తర్వాత అంకె ఉంటే, అంటే 5.3, 6.2 లాగా ఉంటే, దాదాపు ఎప్పుడూ అది మాగ్నిట్యూడే. ఇంటెన్సిటీని 1 నుంచి 12 వరకు పూర్ణ సంఖ్యల్లో, సాధారణంగా రోమన్ అంకెల్లో రాస్తారు.

ఈ తేడా ప్రాణాల మీదికి తెచ్చే తేడా. న్యూజిలాండ్‌లో 2010 సెప్టెంబర్‌లో క్రైస్ట్‌చర్చ్‌కు పశ్చిమాన 7.1 భూకంపం వచ్చింది. ఊరికి కొంత దూరంలో, తెల్లవారుజామున వచ్చింది కాబట్టి ఊరు గట్టెక్కింది. 2011 ఫిబ్రవరిలో దాదాపు 6.2 వచ్చింది. మాగ్నిట్యూడ్‌లో చిన్నదే, కానీ నగరం దగ్గర, తక్కువ లోతులో, పట్టపగలు వచ్చింది. 185 మంది చనిపోయారు. మాగ్నిట్యూడ్ ప్రకారం మొదటిది పెద్దది, క్రైస్ట్‌చర్చ్ వీధుల్లో ఇంటెన్సిటీ ప్రకారం రెండోది పెద్దది. రెండు మాటలూ నిజమే.

రెండో మెట్టు: గ్రాఫ్‌ను చదవండి

హైదరాబాద్ మెట్రోలో నాగోల్ వైపు వెళ్తే హబ్సిగూడ తర్వాతి స్టేషన్ పేరే ఎన్‌జీఆర్‌ఐ. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అక్కడే ఉంది. భూకంపాలను నమోదు చేసే అక్కడి కేంద్రానికి ప్రపంచ జాబితాల్లో 'హెచ్‌వైబీ' అని కోడ్ ఉంది. ప్రపంచంలో ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా దాని జాడ ఈ కేంద్రంలో నమోదవుతుంది.

సీస్మోమీటర్ సూత్రం చాలా సులువు. బరువైన వస్తువును స్ప్రింగ్ మీద వేలాడదీస్తే, కింద నేల కదిలినా బరువు వెంటనే కదలదు. నేలకూ బరువుకూ మధ్య వచ్చే తేడాను గీస్తే అదే సీస్మోగ్రామ్. ఇప్పటి పరికరాల్లో ఆ బరువును విద్యుదయస్కాంతంతో కదలకుండా పట్టి ఉంచుతారు. పట్టి ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి నేల కదలికను లెక్కిస్తారు.

గ్రాఫ్ మీద మొదట కనిపించే చిన్న గీతలు పి తరంగాలు. భూమి పైపొరలో ఇవి సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. తర్వాత ఎస్ తరంగాలు, సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో. ఆ తర్వాత నేల పైభాగం వెంట పాకుతూ వచ్చే ఉపరితల తరంగాలు. ఈ మూడింటినీ సీస్మోగ్రామ్ మీద స్పష్టంగా విడదీసి చూపినవాడు రిచర్డ్ ఓల్డామ్. భారత భూవైజ్ఞానిక సర్వేలో పనిచేసిన మనిషి. 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిని కుదిపేసిన మహా భూకంపాన్ని అధ్యయనం చేస్తూ ఆ విషయం పట్టుకున్నాడు. మన నేల మీద వచ్చిన విపత్తు నుంచి ప్రపంచ భూకంప శాస్త్రానికి ఇంత పెద్ద పాఠం దొరికిందని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

ఇప్పుడు మీ చేతి లెక్క. పి వచ్చిన క్షణానికీ ఎస్ వచ్చిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లు గడిచాయో చూసి, దాన్ని 8తో గుణించండి. భూకంపం దాదాపు అన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చినట్టు. రెండు వందల కిలోమీటర్ల దూరానికి పాతిక సెకన్ల ఎడం వస్తుంది. కొన్ని వందల కిలోమీటర్ల లోపు దూరాలకే ఈ లెక్క పనిచేస్తుంది. అంతకు మించితే తరంగాలు భూమి లోతుల్లోకి దిగి వంగి వస్తాయి కాబట్టి పట్టికలు వాడాలి. ఒక్క నమోదు కేంద్రం దూరం మాత్రమే చెబుతుంది. మూడు నమోదు కేంద్రాల నుంచి మ్యాప్ మీద వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే భూకంపం వచ్చిన చోటు. దూరం తెలియకుండా మాగ్నిట్యూడ్ కట్టలేం. దగ్గరి చిన్న భూకంపం, దూరపు పెద్ద భూకంపం గ్రాఫ్ మీద ఒకే ఎత్తున కనిపించవచ్చు.

మూడో మెట్టు: రిక్టర్ లెక్క వేయండి

చార్లెస్ రిక్టర్ 1935లో, బెనో గూటెన్‌బర్గ్ సహకారంతో, దక్షిణ కాలిఫోర్నియా భూకంపాలను పోల్చడానికి ఒక కొలత తయారుచేశాడు. వుడ్-ఆండర్సన్ అనే ఒకే రకం పరికరం, ఒకే ప్రాంతం. నియమం ఇది: భూకంపం 100 కిలోమీటర్ల దూరంలో ఉండి, గ్రాఫ్ మీద గీత 1 మిల్లీమీటరు ఎత్తు లేస్తే దాని మాగ్నిట్యూడ్ 3. అదే దూరంలో 10 మిల్లీమీటర్లు లేస్తే 4. 100 మిల్లీమీటర్లు లేస్తే 5. అంటే గీత పదింతలైన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది.

దూరం 100 కిలోమీటర్లు కాకపోతే రిక్టర్ ఇచ్చిన సవరణ పట్టిక చూడాలి. 200 కిలోమీటర్ల దూరంలో అదే 1 మిల్లీమీటరు గీత లేస్తే మాగ్నిట్యూడ్ సుమారు 3.5. దూరం వచ్చేసరికి తరంగం బలహీనపడింది కాబట్టి ఆ లోటును కలుపుతారు. ఈ సవరణ ప్రాంతాన్ని బట్టి మారుతుంది. దక్కన్ పీఠభూమి కింద పాత గట్టి రాయి ఉంది. ఇక్కడ తరంగాలు కాలిఫోర్నియాలో కంటే తక్కువగా అణగారి, ఎక్కువ దూరం వస్తాయి. కాలిఫోర్నియా పట్టికను మన నేలకు యథాతథంగా వాడితే అంకె తప్పుతుంది.

ఇది లాగరిథమ్ స్కేలు కాబట్టి సున్నా కూడా వస్తుంది, సున్నా కంటే తక్కువ కూడా వస్తుంది. 2020 అక్టోబర్‌లో బోరబండలో నేల లోపలి నుంచి శబ్దాలు వస్తున్నాయని జనం రాత్రుళ్లు రోడ్ల మీదికి వచ్చారు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు అక్కడ పరికరాలు పెట్టి చూస్తే అవి చాలా చిన్న ప్రకంపనలు. కాళ్ల కిందే, తక్కువ లోతులో వస్తే మాగ్నిట్యూడ్ 2 లోపు కదలిక కూడా పెద్ద చప్పుడుతో మనిషిని భయపెడుతుంది. ఆ భయం నిజమే, ఆ చిన్న అంకె కూడా నిజమే.

నాలుగో మెట్టు: స్కేలు ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోండి

రిక్టర్ స్కేలు తర్వాత ప్రపంచమంతటికీ పనికొచ్చేలా ఇంకో రెండు కొలతలు వచ్చాయి. ఒకటి దాదాపు సెకనుకోసారి ఊగే పి తరంగాలను కొలుస్తుంది. ఇంకొకటి 20 సెకన్లకోసారి ఊగే ఉపరితల తరంగాలను కొలుస్తుంది. మామూలు భూకంపాలకు ఇవి బాగానే పనిచేస్తాయి. అతి పెద్ద వాటి దగ్గరే చిక్కు. పి తరంగాల కొలత ఆరున్నర దగ్గర, ఉపరితల తరంగాల కొలత 8 దాటాక పెరగడం మానేస్తాయి. అసలు భూకంపం ఎంత పెద్దదైనా అంకె అక్కడే ఇరుక్కుంటుంది.

ఎందుకంటే, ఫాల్ట్ అనే పగులు వందల కిలోమీటర్ల పొడవునా జారినప్పుడు దాని శక్తిలో పెద్ద వాటా చాలా నెమ్మదైన, చాలా పొడవైన తరంగాల్లోకి పోతుంది. 20 సెకన్ల ఉపరితల తరంగం పొడవు అరవై డెబ్భై కిలోమీటర్లు. వెయ్యి కిలోమీటర్ల పగులును ఆ తరంగం ముక్కలుగానే చూడగలదు. పెళ్లి ఊరేగింపులో సన్నాయి మాత్రమే వినబడి డోలు వినబడని చెవి ఉందనుకోండి. ఊరేగింపులోకి ఎన్ని డోళ్లు వచ్చి చేరినా ఆ చెవికి చప్పుడు పెరగదు. పాత స్కేళ్ల పరిస్థితి అదే.

1906 శాన్‌ఫ్రాన్సిస్కో, 1960 చిలీ భూకంపాలు రెండూ ఉపరితల తరంగాల స్కేలు మీద 8 పైన పక్కపక్కనే ఉండేవి. రెండూ ఇంచుమించు సమానమని దశాబ్దాల పాటు పట్టికల్లో ఉంది. నిజానికి వాటి మధ్య తేడా వందల రెట్లు.

ఐదో మెట్టు: మూమెంట్ లెక్క కట్టండి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఇప్పుడు ప్రపంచంలో పెద్ద భూకంపాలకు ఇచ్చే అంకె ఈ మెట్టు నుంచే వస్తుంది. టీవీలో 'రిక్టర్ స్కేలుపై' అని అలవాటుగా అంటున్నా, 7.7, 8.8 లాంటి అంకెలు రిక్టర్ లెక్కలో వచ్చినవి కావు.

జపాన్ శాస్త్రవేత్త కేయీటి అకి 1966లో, 1964 నాటి నీగాటా భూకంపాన్ని విశ్లేషిస్తూ సీస్మిక్ మూమెంట్ అనే కొలతను వాడాడు. అందులో ఉన్నవి మూడే: ఫాల్ట్ ఎంత వైశాల్యం మేర జారింది, సగటున ఎన్ని మీటర్లు జారింది, ఆ రాయి ఎంత బిరుసుది. మూడింటినీ గుణిస్తే మూమెంట్. తరంగం ఎత్తుతో పని లేదు, పరికరం రకంతో పని లేదు. భూమి లోపల భౌతికంగా జరిగింది ఏమిటో నేరుగా కొలుస్తుంది. తర్వాత హిరూ కనమోరి 1977లో దీన్ని పాత మాగ్నిట్యూడ్ అంకెలతో కలిసేలా మార్చాడు. 1979లో థామస్ హాంక్స్‌తో కలిసి మూమెంట్ మాగ్నిట్యూడ్‌గా స్థిరపరిచాడు.

మనమే వేసి చూద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫాల్ట్ సుమారు 470 కిలోమీటర్ల పొడవున చీలింది. లోతు 12 కిలోమీటర్లు అనుకోండి, సగటు జారుడు 4 మీటర్లు అనుకోండి. పైపొర రాయి బిరుసు సుమారు 3,000 కోట్ల పాస్కల్. కిలోమీటర్లను మీటర్లుగా మార్చి గుణించండి:

4,70,000 × 12,000 × 4 × 3,000 కోట్లు = సుమారు 6.8 × 10²⁰ న్యూటన్ మీటర్లు.

దీని లాగ్ 20.83. అందులో నుంచి 9.1 తీసేయండి, 11.73 వస్తుంది. దాన్ని 2తో గుణించి 3తో భాగించండి. 7.8 వస్తుంది. శాస్త్రవేత్తలు ఇచ్చే అంకె 7.9. మన ముతక లెక్క అంత దగ్గరికి వచ్చింది.

ఇప్పుడు చిలీ. 1960 మే 22న అక్కడ సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవు, 200 కిలోమీటర్ల వెడల్పు ఉన్న పలక సగటున 20 మీటర్లు జారింది. అదే పద్ధతిలో గుణిస్తే 1.2 × 10²³. లాగ్ 23.08, అందులో 9.1 పోతే 13.98, అందులో మూడింట రెండు వంతులు 9.3. పూర్తి విశ్లేషణలో తేలింది 9.5. పరికరాలతో కొలిచిన భూకంపాల్లో ఇంతకు మించింది లేదు. 1964 మార్చి 27 నాటి అలాస్కా భూకంపం 9.2తో దాని తర్వాతి స్థానంలో ఉంది. రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే, పాత స్కేలు మీద సమానంగా కనిపించిన జంట ఎంత దూరంగా విడిపోయిందో తెలుస్తుంది.

ఈ లెక్కలోనే ఇంకో జవాబు కూడా ఉంది. మాగ్నిట్యూడ్ 10 రాదా అని అడుగుతుంటారు. స్కేలుకు పై హద్దు లేదు, హద్దు ఫాల్టులకు ఉంది. 10 రావాలంటే మూమెంట్ చిలీ కంటే ఐదారు రెట్లు ఉండాలి. అంత వైశాల్యం ఒక్కసారిగా అంత దూరం జారాలి. అంత పెద్ద భూకంపాన్ని ఇంతవరకు ఏ పరికరమూ నమోదు చేయలేదు.

లోపల ఎన్ని కిలోమీటర్లు చీలిందో పైనుంచి ఎలా తెలుస్తుంది? ప్రపంచమంతటా ఉన్న కేంద్రాల నుంచి వచ్చిన పొడవాటి తరంగాలను కంప్యూటర్లు తీసుకుంటాయి. ఫాల్ట్ ఇలా వాలి, ఇటు జారితే తరంగం ఎలా ఉండాలో లెక్కగట్టి, అసలు తరంగంతో సరిపోయేవరకు సవరిస్తూ పోతాయి. హార్వర్డ్‌లో ఆడమ్ జివాన్‌స్కీ బృందం 1980ల మొదట్లో ఈ పద్ధతిని నిలబెట్టింది. దానికి తోడు ఇప్పుడు నేల మీది జీపీఎస్ కేంద్రాలు ఎన్ని సెంటీమీటర్లు జరిగాయో చూస్తారు. భూకంపానికి ముందూ తర్వాతా ఉపగ్రహ రాడార్ తీసిన చిత్రాలను పోలుస్తారు. ఆఫ్టర్‌షాక్‌లు, అంటే పెద్ద భూకంపం తర్వాత వచ్చే చిన్నవి, ఎంత మేర పరుచుకున్నాయో చూసినా చీలిన పొడవు తెలుస్తుంది.

ఆరో మెట్టు: మొదటి అంకెను తుది అంకె అనుకోకండి

మూమెంట్ లెక్కకు పొడవైన తరంగాలు కావాలి. అవి వచ్చేదాకా ఆగాలి. ఆగడానికి టైమ్ లేని రోజులుంటాయి.

2004 డిసెంబర్ 26, మన టైమ్ ప్రకారం ఉదయం 6.28 దాటాక సుమత్రా దగ్గర సముద్రం అడుగున చీలిక మొదలైంది. అది ఉత్తరంగా అండమాన్ వైపు సుమారు 1,300 కిలోమీటర్లు పాకింది. చీలిక సెకనుకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున వెళ్తే ఆ దూరానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది, మీరే భాగించి చూడండి. అంత పెద్ద సంఘటనకు హవాయ్‌లోని పసిఫిక్ సునామీ కేంద్రం పావుగంటలో ఇచ్చిన అంకె 8.0. గంట తర్వాత 8.5. కొన్ని గంటలయ్యాక పొడవైన తరంగాలను విశ్లేషిస్తే 9.0 దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడే అంకె 9.1. ఆ భూకంపానికి భూగోళం మొత్తం గంట కొట్టినట్టు వారాల తరబడి కంపించింది. ఆ కంపనాల్లో అన్నిటికంటే నెమ్మదైనది ఒకసారి ఊగి రావడానికి 54 నిమిషాలు తీసుకుంటుంది. ఆ నెమ్మది ఊపును కొలిచిన శాస్త్రవేత్తలు 9.3 కూడా ఉండవచ్చన్నారు.

మొదటి 8.0కీ తర్వాతి 9.1కీ మధ్య శక్తిలో సుమారు 45 రెట్ల తేడా ఉంది. ఆ రోజు మన కోస్తాకు అల రావడానికి రెండు గంటలకు పైగా సమయం ఉంది. కానీ హిందూ మహాసముద్రానికి అప్పటికి హెచ్చరిక వ్యవస్థ లేదు. ఒక్క ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే 2007 అక్టోబర్‌లో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార సంస్థలో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్ర తీరాలన్నిటినీ కాపలా కాసే కేంద్రం అది. సీస్మోమీటర్లతో పాటు సముద్రం అడుగున పీడనం కొలిచే పరికరాలు, తీరంలో నీటిమట్టం చూసే పరికరాలు దానికి కళ్లు.

జపాన్ కథ ఇంకా బాధాకరం. 2011 మార్చి 11న భూకంపం వచ్చిన మూడు నిమిషాల్లో అక్కడి వాతావరణ సంస్థ సునామీ హెచ్చరిక ఇచ్చింది. ప్రపంచంలో అంత వేగంగా ఇవ్వగలిగినవాళ్లు అప్పటికి చాలా తక్కువ. కానీ ఆ మూడు నిమిషాల అంకె 7.9. వేగం కోసం వాడిన స్కేలు పైన చెప్పినట్టు నిండిపోయింది. దాన్నిబట్టి ఇవాతే, ఫుకుషిమా తీరాలకు 3 మీటర్ల అల వస్తుందన్నారు. వచ్చినవి దానికి ఎన్నో రెట్లు. తర్వాత అంకె 8.4, 8.8, చివరికి 9.0 అయింది. ఆ అనుభవం తర్వాత జపాన్ తన పద్ధతి మార్చుకుంది. భూకంపం 8 దాటేలా ఉండి అంకె మీద నమ్మకం లేకపోతే, మొదటి హెచ్చరికలో మీటర్లు చెప్పకుండా 'భారీ' అని చెబుతారు.

ఇప్పుడు ప్రపంచ కేంద్రాలు డబ్ల్యూ-ఫేజ్ అనే చాలా పొడవైన, ముందుగానే వచ్చే తరంగాన్ని వాడి ఇరవై నిమిషాల లోపే నమ్మదగిన మూమెంట్ అంకెకు చేరుకుంటున్నాయి. అయినా సవరణ తప్పదు. 2025 జులై 30న, మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున, రష్యాలోని కమ్చట్కా దగ్గర వచ్చిన భూకంపానికి మొదట 8.0 అన్నారు, తర్వాత 8.7, చివరికి 8.8. అంకె మారగానే 'దాస్తున్నారు' అని వాట్సాప్‌లో రాసేవాళ్లుంటారు. దాస్తే మారేది కాదు, కొత్త తరంగాలు చేరేకొద్దీ మారుతుంది. ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రానికీ అమెరికా భూవైజ్ఞానిక సర్వేకీ మధ్య 0.1, 0.2 తేడా ఉండటం కూడా మామూలే. ఎవరి కేంద్రాలు వాళ్లవి, ఎవరి తరంగాలు వాళ్లవి. పోల్చేటప్పుడు మాత్రం ఒకే సంస్థ ఇచ్చిన, ఒకే రకం మాగ్నిట్యూడ్‌లను తీసుకోండి.

ఏడో మెట్టు: రెండు భూకంపాలను పోల్చండి

పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయండి. వచ్చిన తేడాను 1.5తో గుణించండి. కాలిక్యులేటర్‌లో 10కి ఆ ఘాతం ఇవ్వండి. శక్తి ఎన్ని రెట్లో వస్తుంది.

భుజ్ 7.7, ములుగు 5.3. తేడా 2.4. 1.5తో గుణిస్తే 3.6. పదికి 3.6 ఘాతం సుమారు 3,980. మొదట్లో చెప్పిన నాలుగు వేలు ఇదే.

ఒక అంకె తేడా అంటే శక్తి సుమారు 32 రెట్లు, రెండు అంకెలంటే వెయ్యి రెట్లు, 0.2 తేడా అంటే రెట్టింపు. ములుగు ఉన్న గోదావరి లోయలోనే 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. తేడా 0.4 మాత్రమే, కానీ శక్తిలో నాలుగు రెట్లు. 1993లో మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చింది 6.2. అది ములుగు కంటే 22 రెట్లు పెద్దది. భుజ్ మళ్లీ కిల్లారి కంటే దాదాపు 180 రెట్లు పెద్దది. 2004 సుమత్రా భుజ్ కంటే 125 రెట్లు పెద్దది.

పదిరెట్లా, 32 రెట్లా అనే గందరగోళం ఇక్కడే వస్తుంది. రెండూ సరైనవే, కొలిచేవి వేరు. రిక్టర్ గీత ఎత్తు ఒక్కో అంకెకు పదింతలవుతుంది. విడుదలైన శక్తి 32 రెట్లవుతుంది. అయితే మీ ఇంటి గోడ 32 రెట్లు గట్టిగా ఊగుతుందని అనుకోకండి. పెద్ద భూకంపంలో అదనపు శక్తి ఎక్కువగా ఇంకా పెద్ద ప్రాంతాన్ని, ఇంకా ఎక్కువసేపు ఊపడానికి పోతుంది.

'చిన్న చిన్నవి వస్తే మంచిదే, లోపలి శక్తి బయటికి పోతుంది' అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు. ఇందాకటి లెక్కే దానికి జవాబు. ఒక్క భుజ్ శక్తి తీరాలంటే ఒకే ఫాల్ట్ మీద ములుగు లాంటివి నాలుగు వేలు రావాలి. అలా ఎక్కడా జరగదు. చిన్న భూకంపాలు పెద్దదాన్ని తప్పించవు.

శక్తి ఒక్కటే చూసినా చాలదు, ఎటు జారిందో కూడా చూడాలి. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పశ్చిమంగా సముద్రంలో 8.6 వచ్చింది. అక్కడ పలకలు పక్కకు రాసుకుంటూ జారాయి. సముద్రపు అడుగు పైకి లేవలేదు కాబట్టి పెద్ద సునామీ రాలేదు. 2004లో అడుగే పైకి లేచి నీటిని ఎత్తింది. అందుకే సునామీ కేంద్రాలు మాగ్నిట్యూడ్‌తో పాటు జారిన దిశనూ చూస్తాయి.

ఎనిమిదో మెట్టు: నేల మీద ఏం జరిగిందో చూడండి

భారత్‌లో ఎంఎస్‌కే అనే ఇంటెన్సిటీ స్కేలు వాడతారు, అమెరికాలో మెర్కలీ స్కేలు. రెండూ 12 మెట్లవే, ఇంచుమించు ఒకేలా నడుస్తాయి. 5 అంటే ఇళ్లలో చాలామందికి తెలుస్తుంది, వేలాడేవి ఊగుతాయి. 6 అంటే జనం భయపడి బయటికి పరుగెత్తుతారు, పెచ్చులు రాలతాయి. 8 అంటే బలహీనమైన ఇళ్లు కూలతాయి. 12 అంటే నేల రూపమే మారిపోతుంది.

1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 3.56కి కిల్లారిలో జరిగింది చూడండి. మాగ్నిట్యూడ్ 6.2 అంటే ప్రపంచ లెక్కలో మధ్యస్థం. కానీ లోతు కొన్ని కిలోమీటర్లే. ఇళ్లు మట్టితో పేర్చిన బండరాళ్ల గోడలు. జనం నిద్రలో ఉన్నారు. సుమారు పదివేల మంది చనిపోయారు. ఆ రాత్రి ఊపు హైదరాబాద్‌లోనూ తెలిసింది. అప్పటి భూకంప ప్రమాద మ్యాప్‌లో కిల్లారి అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉంది. 2002లో సవరించిన మ్యాప్‌లో ఆ ఒకటో జోన్‌నే తీసేసి రెండో దానిలో కలిపేశారు. ఆ 2002 మ్యాప్‌లో హైదరాబాద్ కూడా రెండో జోన్‌లోనే ఉంది. తక్కువ ప్రమాదం అనే మాటను ప్రమాదం లేదు అని చదవకూడదని కిల్లారి చెప్పింది.

దూరం ఒక్కటే కాపాడదు కూడా. భుజ్ భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. 1985లో మెక్సికో తీరంలో వచ్చిన భూకంపానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న మెక్సికో సిటీ దెబ్బతింది. ఆ నగరం కింద ఉన్నది పాత చెరువు మెత్తటి మట్టి, దానివల్ల ఊపు పెరిగింది. హైదరాబాద్ చాలావరకు గ్రానైట్ మీద ఉంది, అది మన బలం. చెరువులు పూడ్చి కట్టిన కాలనీలకు ఆ బలం ఉందని అనుకోవద్దు.

పరికరాలు లేని కాలపు భూకంపాల మాగ్నిట్యూడ్‌ను కూడా ఈ ఇంటెన్సిటీ నుంచే వెనక్కి లెక్కిస్తారు. 1819లో కచ్‌లో వచ్చిన భూకంపం ఎత్తైన కట్టలాంటి నేలను లేపింది. జనం దాన్ని అల్లా బంద్, అంటే దేవుడు కట్టిన కట్ట, అన్నారు. పాత రాతల్లో ఎక్కడెక్కడ ఏమేం కూలాయో మ్యాప్ మీద గుర్తించి, ఎంత మేర ఏ మెట్టు ఇంటెన్సిటీ వచ్చిందో చూసి మాగ్నిట్యూడ్ అంచనా వేస్తారు. అందుకే అలాంటి భూకంపాలకు ఒకే అంకె బదులు ఒక పరిధి ఇస్తారు.

ఈ మ్యాప్ పనిలో మీకూ వాటా ఉంది. ఈసారి ఊపు తెలిస్తే, ముందు మిమ్మల్ని మీరు కాపాడుకుని, తర్వాత జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం వారి 'భూకంప్' యాప్‌లో గానీ, అమెరికా భూవైజ్ఞానిక సర్వే వెబ్‌సైట్‌లో గానీ మీకు తెలిసింది రాయండి. ఏ అంతస్తులో ఉన్నారో తప్పకుండా చెప్పండి, ఎందుకంటే పదో అంతస్తులో ఊపు నేల మీద కంటే ఎక్కువగా తెలుస్తుంది. కూర్చున్నారా, నడుస్తున్నారా, ఏ వస్తువు కదిలింది, ఎంతసేపు అన్నవి రాయండి. మీ కాలనీలో ఎవరికీ ఏమీ తెలియకపోతే ఆ మాట కూడా రాయండి. ఊపు ఎక్కడ ఆగిపోయిందో మ్యాప్ మీద గీయడానికి శాస్త్రవేత్తలకు ఆ సమాచారం కూడా కావాలి.